శౌరయ్య తీగకు ఫిలోమినా ముడి

రెంటచింతల ఎండకు కరగని వైర్‌లెస్ పెట్టెను తయారుచేయడం శౌరయ్య సాధించిన మొదటి గెలుపు. అది 1938 మే నెల. అంతకుముందు రెండు వేసవులు ఆ పెట్టె అతన్ని ఏడిపించింది.

శౌరయ్య మా ఊరి స్టేషనులో తంతి గుమాస్తా. చదువు ఫోర్తు ఫారంతో ఆగింది. అయినా ఊరంతా ఇంజనీరుగారనే పిలిచేది, ఊరికే పిలవలేదు. సర్కారు పరీక్ష నెగ్గి, సొంతంగా వైర్‌లెస్ నడుపుకొనే లైసెన్సు తెచ్చుకున్నవాడు మా చుట్టుపక్కల అతనొక్కడే. ఎక్కడెక్కడో ఉన్న తనలాంటి సరదా మనుషులతో తంతి టకటకల్లో మాట్లాడటానికి పెరట్లో వెదురు గడ పాతి తీగ కట్టాడు. బ్యాటరీని నరసరావుపేట పంపి ఛార్జి చేయించి రైల్లో తెప్పించుకునేవాడు.

పెట్టెలో రాగితీగ చుట్టలు కదలకూడదు. అందుకని ఫాదరుగారిని అడిగి, గుళ్లో మిగిలిన కొవ్వొత్తి ముక్కలు తెచ్చి, కరిగించి పోశాడు. పొద్దున పెట్టె బ్రహ్మాండంగా పలికేది. మధ్యాహ్నం రెండయ్యేసరికి మైనం కారిపోయి, చుట్లు జారి, మూగబోయేది.

గాజుల అబ్దుల్ గఫార్ ఓ రోజు చూసి పగలబడి నవ్వాడు.

"ఏంది ఇంజనీరుగారూ! మన ఊళ్లో ఉండి మైనాన్ని నమ్ముకున్నావా? నా లక్కగాజులు ఏ ఎండకన్నా కరిగినయ్యా?"

శౌరయ్య ఆ సాయంత్రమే లక్క తెచ్చి, స్పిరిటులో నానబెట్టి తీగకు పూశాడు. లక్క నిలిచింది. తీగ కొసలే ఊడొస్తున్నాయి. భార్య ఫిలోమినా పొగాకు ఆకుల్ని దారంతో తోరణాలు కట్టడంలో ఊరికి మొదటిది.

"పదిసార్లు కట్టావు, ఇటియ్యి," అని లాక్కుని తోరణాల దారంతో రెండు చుట్లు వేసి బిగించింది. ఆమెది ఎడంచేతి వాటం. అందరి ముడీ కుడికి తిరిగితే ఆమె ముడి ఎడమకు తిరుగుతుంది. శౌరయ్య ఆ ముడిని ఆమె దగ్గరే, ఆమె వాటంలోనే నేర్చుకున్నాడు.

ఆ చుట్టతో మద్రాసు పలికింది. కొలంబో పలికింది. నమూనా గీసి పంపితే పదకొండుమంది తమ తమ ఊళ్లలో అదే పెట్టె కట్టుకున్నారు. ఒక దొర, తన పెట్టెకన్నా ఇదే మేలని కార్డు రాశాడు. వచ్చిన కార్డులన్నీ ఫిలోమినా వంటింటి గోడకు అంటించింది.

1939లో యుద్ధం మొదలై లైసెన్సులు రద్దయ్యాయి. పెట్టెను తనే బండిమీద గురజాల తీసుకెళ్లి సర్కారుకు అప్పగించి వచ్చి, ఆ పూట శౌరయ్య అన్నం ముట్టలేదు. 1942లో వైర్‌లెస్ బాగుచేసే పనికి పట్టాళంలో చేరి తూర్పుదిక్కు వెళ్లాడు. 1944 ఫిబ్రవరి దాకా నెలకో ఉత్తరం వచ్చింది. తరవాత ఒక్కటీ రాలేదు.

ఫిలోమినా పోస్టుమాను సైకిలు గంట వినబడితే చాలు, చేతిలో పని వదిలేసి గుమ్మంలోకి వచ్చేది. సైకిలు దాటిపోయాక కూడా అక్కడే నిలబడేది.

"ఏమే ఫిలోమినా, ఆ గడన్నా పీకి పందిరెయ్యరాదంటే? తీగ మీద కాకులు తప్ప ఏం వాలతన్నయ్యి?" అంది పక్కింటి కొండమ్మ.

"వాలనియ్యి పిన్నీ. పాతినోడే వచ్చి పీకుతాడు."

అన్నదే గాని, వస్తాడో రాడో ఆమెకూ తెలియదు.

1945 మే నెలలో గఫార్ కొడుకు ఫరీద్ సెలవు మీద వచ్చాడు. అతను బర్మా వైపు పట్టాళంలో లారీ డ్రైవరు. వచ్చినవాడు జేబులోంచి పగిలిన తీగచుట్ట తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"మా వైర్‌లెస్ పెట్టెలు పాడైతే డిపోకి పంపుతారు వదినా. అక్కడ ఎవరు బాగుచేస్తారో మాకు తెలవదు. మొన్న ఒకటి లోయలో పడి పగిలింది. లోపల ఇది ఉంది. మా నాన్న దుకాణం వాసన కొట్టింది, జేబులో ఏసుకొచ్చా."

ఫిలోమినా లక్కను వాసన చూసింది. లక్క ఎవరైనా పూయొచ్చు. కొస దగ్గర దారాన్ని వేలితో తడిమింది. ముడి ఎడమకు తిరిగి ఉంది.

"ఎన్నాళ్లయిందయ్యా ఈ పెట్టె బాగై?"

"రెండు నెలలు కాలా."

రెండు నెలల కిందట శౌరయ్య చెయ్యి ఆడింది. ఆమె తోరణాల దారం ముక్క తెంపి, తన వాటంలో ఒక ముడి వేసి ఫరీద్‌కిచ్చింది.

"ఈసారి డిపోకి పొయ్యే పెట్టెలో ఏ తీగకన్నా కట్టు నాయనా. ఎవరికీ చెప్పమాక."

"పట్టుబడితే నా ఉద్యోగం ఊడుద్ది వదినా."

"ఊడితే మీ నాన్నతో గాజులమ్ముకో."

ఫరీద్ నవ్వి దారం జేబులో వేసుకున్నాడు.

యుద్ధం ముగిసింది. సెప్టెంబరులో ఫరీద్ దగ్గరనుంచి రెండు ముక్కల కార్డు: "వదినా, పెట్టె తిరిగొచ్చింది. నీ దారం లేదు. కొత్త చుట్టకు ఒకే కొసన రెండు ముళ్లున్నాయి. రెండూ ఎడమకే."

ఆ కార్డు కొలంబో కార్డు పక్కకు చేరింది. కాని ముడి మాట్లాడదు గదా. ఎప్పుడొస్తాడో చెప్పదు గదా. మళ్లీ ఆరు నెలలు ఆమె చెవి సైకిలు గంట మీదే ఉంది.

మార్చిలో గంట ఆమె గుమ్మం ముందే ఆగింది. ఉత్తరం మీద శౌరయ్య చేతిరాత.

"ఫిలోమినా, నేను రాసిన ఉత్తరాలు ఒక్కటీ నీకు అందలేదని నీ ముడి చూశాకే తెలిసింది, అంది ఉంటే ముడితో అడగవు గదా. డిపో నాలుగు చోట్లు మారింది, ఆ తరవాత రాసినవీ దారిలోనే పోయాయేమో. నాకు విడుదల కాగితం వచ్చింది. లైసెన్సులు మళ్లీ ఇస్తారంటున్నారు. గడ పీకలేదు గదా? గుంటూరు నుంచి మాచర్ల బండిలో వచ్చి మన స్టేషనులో దిగుతాను. 1946 మే 12, ఆదివారం నాడు."