గీతకు రెండు వేళ్ళ కింద

పొద్దున ఆరింటికి పాల్మాకుల నుంచి ఫోన్ వచ్చింది. "తమ్మీ, మీ సార్ పోయిండు," అంది సార్ భార్య. ఎక్కడ, ఎట్లా అని నేను అడగకముందే చెప్పింది. వరండాలో, కుర్చీలో, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకునే. ఆమె చాయ్ తీసుకొని వెళ్ళేసరికి వాటిలో రేడియో మాట్లాడుతూనే ఉందట.

పత్రికలో చేరకముందు ఏడాదిపాటు సార్ దగ్గర రేడియో రిపేరు నేర్చుకున్నాను. పని అబ్బలేదు. ఒక మాట మాత్రం అబ్బింది. పరీక్ష చేసిన ప్రతి సెట్టు గురించి నోటుబుక్కులో రాయించేవారు. "కండ్లతోని చూసింది రాయి. అనిపించింది రాయకు," అనేవారు. ఆ మాట మీదే ఇరవై ఏళ్ళుగా రిపోర్టరు ఉద్యోగం చేస్తున్నాను, ఒక్క వార్తలో తప్ప.

రిటైరయ్యాక సార్‌కు, దూరాలవాళ్ళతో మాట్లాడుకునే హామ్ రేడియోతో పాటు, బెలూన్ల మీద మనసు పడింది. పెద్ద రబ్బరు బెలూన్‌లో హీలియం నింపి, దాని కింద ఒక పారాచ్యూటు, థర్మకోల్ పెట్టె కడతారు. పెట్టెలోని చిన్న ట్రాన్స్‌మిటరు తానెక్కడుందో, ఎంత ఎత్తులో ఉందో చెబుతూ పోతుంది. పైకి పోయి బెలూన్ పగిలితే పెట్టె పారాచ్యూటుతో దిగుతుంది. సిగ్నల్ పట్టుకుని వ్యానులో వెంబడించి దాన్ని తెచ్చుకోవాలి. "పంపుడు ఎవడైనా పంపుతడు. కిందికొచ్చేదాక జిమ్మేదారి మనది," అనేవారు సార్.

పాల్మాకులకు పక్కనే విమానాశ్రయం వచ్చింది కాబట్టి ప్రతి బెలూన్‌కూ రాతపూర్వక అనుమతి కావాలి. నెలల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగి తెచ్చుకున్నారు. కొత్తూరు దాటాక ఉన్న ఒక బీడు పొలం నుంచే వదలాలి, చెప్పిన వేళకే వదలాలి. ఉత్తరానికి, అంటే విమానాశ్రయం వైపు మళ్ళితే, వెంటనే అక్కడి కంట్రోల్ టవర్‌కు ఫోన్ చేయాలి.

విమానాశ్రయం వచ్చిన నాలుగో ఏడు, ఫిబ్రవరిలో, వార్త రాద్దామని నేనూ వెళ్ళాను. వ్యాను సీట్లో రిజిస్టరు ఒళ్ళో పెట్టుకుని సార్ భార్య కూర్చుంది. ఎత్తులు రాసే పని ఆమెదే.

"పెండ్లినాడు గూడ ఈయన గింత పొద్దుగాల లేవలే తమ్మీ," అంది.

"ఆనాడు గాలి ఫికర్ లేకుండె," అన్నారు సార్, సిలిండరు దింపుతూ.

అత్తాపూర్ నుంచి బండి మీద ఆగకుండా వచ్చాను. గొంతు ఎండిపోతోంది. వ్యాను నీడలో పెద్ద ప్లాస్టిక్ సీసా ఉంది, నీళ్ళతో. సరిగ్గా నీళ్ళ మట్టం దగ్గర ఎర్ర గోళ్ళరంగుతో ఒక గీత ఉంది. గీత చూశాను, ఎందుకని అడగలేదు. తాగి, మూత పెట్టి, అక్కడే ఉంచాను.

పావుగంట తర్వాత సార్ ఆ సీసాను బెలూన్ మూతికి కట్టారు. గ్యాస్ ఎంత నింపాలో ఆయన దానితోనే కొలిచేవారు. గీతదాకా నీళ్ళున్న సీసా నేల విడిచి లేస్తే, పెట్టెను వేగంగా పైకి మోసేంత గ్యాస్ పడ్డట్టు. సీసా లేచింది. ఆయన గ్యాస్ ఆపేశారు. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. నాలుగు గుక్కలకు ఏమవుతుందిలే అనుకున్నాను.

బెలూన్ వదిలారు. కింది గాలి విమానాశ్రయం వైపు వీస్తోంది, పై గాలి తూర్పుకు. కింది గాలిని తొందరగా దాటిపోతే భయం లేదు.

"పది నిమిషాలు. ఉండాల్సిన ఎత్తుల సగమే ఉన్నది," అంది ఆమె.

"మల్ల చూడు."

"చూసే చెప్తున్న."

సార్ తలెత్తి చూశారు. తెల్లటి చుక్క కదులుతోంది. "ఇగ అది పైకి పోతలేదు, పక్కకు పోతున్నది," అన్నారు. ఆ చుక్క పోతున్న వైపే, దూరంగా, చక్రాలు దించుకుని ఒక విమానం దిగుతోంది.

ఆయన ఫోన్ తీశారు. "ముందు రేడియోతోని పెట్టె దారం కోసి చూడరాదు? తెలిస్తే మల్ల పర్మిషన్ ఇయ్యరు," అంది ఆమె.

"ముందు వాళ్ళకు తెల్వాలె," అన్నారు. తర్వాత టవర్‌తో, "నా బెలూన్ తప్పింది సార్. మీ దిక్కే వస్తున్నది. ఏడున్నదో నిమిషం నిమిషం చెప్త," అన్నారు.

పెట్టెను బెలూన్ నుంచి వేరుచేయాలంటే రేడియోలో ఆజ్ఞ పంపాలి, అక్కడ దారం కాలిపోవాలి. ఒకసారి పంపారు, కాలలేదు. రెండోసారీ కాలలేదు. దిగాల్సిన ఇంకో విమానాన్ని చుట్టూ తిప్పుతున్నామని ఫోన్‌లో గొంతు చెప్పింది. ఆమె చెప్పే ఎత్తును సార్ ఫోన్‌లో టవర్‌కు చెబుతూ పోయారు. మధ్యమధ్యలో ట్రాన్స్‌మిటరు మోత. సార్ మెడ మీద చెమట నాకు కనిపిస్తోంది. మూడోసారి పంపారు.

"దిగుతున్నది," అంది ఆమె, కొత్త ఎత్తు రాసుకుంటూ.

పెట్టె పాల్మాకుల పొలాల్లోనే పడింది. ఊరివాళ్ళు దూరంగా గుండ్రంగా నిలబడి ఉన్నారు. "గిది నీదా సార్? బాంబని బర్లను గూడ ఇడువలే మేం," అన్నాడు ఒకాయన. సార్ నవ్వలేదు.

ఇంటికి వచ్చాక సీసాను కాటా మీద పెట్టి చూశారు. "దీంట్ల నీళ్ళు ఎవరన్న తాగిండ్రా?" అని అడిగారు. ఆమె లేదంది. నేను కెమెరా బ్యాగు సర్దుకుంటూనే ఉన్నాను. 

గ్యాస్ తప్పు కొలిచాను, తప్పు నాదే అని ఆయన అధికారులకు రాసిచ్చారు. మళ్ళీ అనుమతి రాలేదు. గాలి మారి బెలూన్ దారి తప్పిందని నేను వార్త రాశాను. సార్ అది చదివి పేపరు మడిచారు. "గాలి మారలే గద," అన్నారు.

ఆ తర్వాత రెండేళ్ళలో ఎప్పుడు వెళ్ళినా, గేటు తీయగానే చెంబు అందించేవారు. "ముందు నీళ్ళు తాగు," అనేవారు. ఏ ఇంట్లోనైనా అనే మాటే. నేను తల దించుకుని తాగేవాణ్ణి.

సార్ పోయిన మూడో రోజు, కార్యం అయ్యాక, ఆమె నన్ను రేడియో గదిలోకి తీసుకెళ్ళింది. అరలో ఆ సీసా ఉంది, మూతకు టేపు చుట్టి. పక్కన రిజిస్టరు. ఆనాటి పేజీలో ఎత్తుల కింద సార్ చేతిరాత: "సీసలో నీళ్ళు గీతకు రెండు వేళ్ళు తక్కువ. ఎవరు తాగిండ్రో చూడలేదు. రాయలేదు." దాని కింద ఒక వరస ఖాళీగా వదిలారు. ఆ కిందనుంచి మామూలు రేడియో రాతలు.

"పెన్ను ఇయ్యనా తమ్మీ?" అంది ఆమె.

ఖాళీ వరసలో నా పేరు, తాగిన సంగతి రాశాను. రాస్తుండగా విమానం ఒకటి లేచింది. కిటికీ అద్దాలు అదిరాయి. సీసాలో నీళ్ళు వణికి, మెల్లగా సర్దుకుని, ఎర్రగీతకు రెండు వేళ్ళ కింద నిలిచాయి.