నాన్న ఆదివారం చొక్కా

మా నాన్న టికియాపారా యార్డులో రైలు పెట్టెలు కడిగేవాడు. ఆ జిడ్డు మామూలు నీళ్ళకి వదలదు. యాసిడ్ కలిపిన మందు నీళ్ళు కొట్టాలి, అవి ఒంటి మీద పడితే కాలుస్తాయి. నాన్న చేతుల మీద మచ్చలు చూస్తూనే పెరిగాను. పరిశోధనకి గుడ్డల్నే ఎంచుకున్నది అందుకే, గైడుకి మాత్రం వేరే కారణాలు చెప్పాను.

మా ల్యాబు ఊరికి ఆ చివర, సాల్ట్ లేక్‌లో. కంటికి ఆనని నానో రేణువుల పూత కాటన్ గుడ్డకి పట్టిస్తే మందు నీళ్ళు లోపలికి ఇంకవు, చామాకు మీద బొట్టులా జారిపోతాయి. పరీక్షలయ్యాక మిగిలిన గుడ్డతో పొడుగు చేతుల చొక్కా కుట్టించి నాన్నకిచ్చాను. పనిలోకి ఇదే వేసుకోమని మరీ మరీ చెప్పాను.

ఆయన దాన్ని చర్చికి వేసుకెళ్ళాడు!

ఆరాధన అయ్యాక గ్లాసుడు నీళ్ళు చేతి మీద ఒంపుకుని, "సూడండి అయ్యగారూ, మా పాప సేసింది" అని పాస్టరు గారికి చూపించాడట. ఆ తర్వాత మా సంఘంలో ఆ చొక్కా మీద నీళ్ళు పొయ్యనివాళ్ళు లేరు. నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. నిజం చెప్పొద్దూ, కాస్త గర్వంగానూ ఉండేది. పనికి పాతవే తొడుగుతున్నావేమని నిలదీస్తే, "ఇంకోటి సెయ్యి, అప్పుడిది యార్డుకి తొడుగుతాను" అన్నాడు. సరేనన్నాను.

ఆ ఇంకోటి కాలేదు. గుడ్డల ప్రాజెక్టు ముగిసి, అలాంటి రేణువులతోనే మురికినీళ్ళు శుభ్రం చేసే పని వచ్చింది. రంగుల కార్ఖానాల నీళ్ళు, యార్డుల్లోంచి కాలవలోకి పోయే నీళ్ళు. మంచి పనే, కాదనను. కానీ నాన్న చేతి మీంచి కారిన నీళ్ళకి డబ్బులిచ్చినవాళ్ళు ఆ చేతిని కాపాడే గుడ్డకి ఇవ్వలేదు. నేనూ ఆ నీళ్ళలోనే మునిగిపోయాను. ఒక్క చొక్కా గుడ్డకి పూత వెయ్యడం ఏపాటి పని?

వానాకాలంలో ఓ రోజు పైపు జాయింటు ఊడి మందు నీళ్ళు నాన్న మోచేతి దాకా కొట్టాయి. ఒంటి మీద ఉన్నది చిరుగుల చొక్కా. ఆసుపత్రి నుంచి కట్టుతో వచ్చి మంచం మీద కూర్చున్న ఆయన్ని చూసి, ఏడుపు ఆపుకోలేక అరిచేశాను.

"దాచుకోడానికా నీకిచ్చింది?"

"కోప్పడకే. నువ్వు సేసిందాన్ని ఆ పాడు నీళ్ళల్లో తడపమంటావేటి?"

"అందుకే కదా చేశాను నాన్నా!"

ఆ మాట ఆయన చెవికెక్కలేదు. అమ్మ కట్టు మీద కొంగుతో విసురుతోంది. నాన్న తలుపు వెనక కొక్కేనికి తగిలించిన చొక్కా వైపు చూసుకున్నాడు.

"దానికేటీ అవలేదు గదా, అదే సాలు" అన్నాడు.