కుంకుడు నురగలో రాని బుడగ

ఉస్తాద్ పోయారని ఆయన షెడ్డు పక్కనున్న టైర్ల కొట్టాయన ఫోన్ చేసి చెప్పేటప్పటికి నేను ఉస్తాద్ మీద కోపంగానే ఉన్నాను. ఆ మాట ముందే చెప్పేస్తే మంచిది. పోయినవాళ్ళ గురించి రాసేవాళ్ళంతా వార్త వినగానే కూలబడిపోయామని రాస్తారు. నేను కూలబడలేదు. అప్పటికి పన్నెండు రోజులుగా ఆయన్ని తిట్టుకుంటూనే ఉన్నాను. "పొద్దున్నే ఊపిరందక పోయారండీ, మధ్యాహ్నం నమాజు తర్వాత తీసుకెళ్తారంట" అని టైర్ల కొట్టాయన అంటుంటే, "ఏ ఉస్తాద్?" అని అడిగాను. విజయవాడ ఆటోనగర్‌లో ఉస్తాద్ అని పిలిపించుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. నాకు తెలిసింది ఒక్కరే. తెలిసే అడిగాను.

ఆయన కార్ల మెకానిక్. అయితే ఆటోనగర్‌లో ఎవరూ పట్టించుకోని పని ఒకటి నెత్తినేసుకున్నారు. ట్యాంకులో పెట్రోలు ఎండకి ఆవిరవుతూనే ఉంటుంది. ఆ ఆవిరి గాల్లో కలవకుండా ఒక గొట్టం దాన్ని తీసుకెళ్ళి బొగ్గు నింపిన నల్ల డబ్బాలోకి పంపుతుంది. బొగ్గు దాన్ని పీల్చి పట్టుకుంటుంది. బండి నడిచేటప్పుడు ఇంజను ఆ ఆవిరిని లాక్కుని కాల్చేస్తుంది. ఇంతే సంగతి. కొత్త కార్లకి ఆ డబ్బా కంపెనీవాళ్ళే పెట్టి పంపుతారు. మనవాళ్ళు పీకేస్తారు. "అది గవర్నమెంటోళ్ళ కోసం పెట్టిన డబ్బా అండీ, తీసేస్తే పికప్ పెరుగుద్ది" అంటారు. ఆ మాట విని తలూపిన ఇళ్ళలో మాదీ ఒకటి.

మా పాపకి అప్పుడు నాలుగేళ్ళు. వారం వారం మా అమ్మని చూడ్డానికి పామర్రు వెళ్ళేవాళ్ళం. బెంజ్ సర్కిల్ దాటకముందే తలనొప్పి అని ఏడుపు, కంకిపాడు వచ్చేసరికి వాంతి. పిల్లకి కారు పడదని అందరూ తీర్మానించేశారు. నిమ్మకాయ వాసన చూపించాం, ముందు సీట్లో కూర్చోబెట్టాం, మా అమ్మ దిష్టి తీసింది, డాక్టరు మాత్రలు రాశాడు. ఒకసారి నాకు విసుగొచ్చి, నాటకాలాడకు అని దాని వీపు మీద ఒక్కటి వేశాను కూడా. నేను హైస్కూల్లో సైన్సు చెబుతాను. ద్రవం ఆవిరి కావడం గురించి ఏటా బోర్డు మీద బొమ్మ వేస్తాను. నా చదువు తగలెయ్య, కార్లో ఆ వాసన ఎందుకొస్తోందని ఒక్కరోజూ అనుమానం రాలేదు.

ఒకరోజు టైరు పంక్చరై ఆటోనగర్‌లో ఆగాం. కొట్టు పక్కనే ఉస్తాద్ షెడ్డు. పాప దిగీ దిగగానే ఆ షెడ్డు గుమ్మంలోనే కక్కేసింది. నేను సిగ్గుతో చచ్చిపోతుంటే, తెల్లగడ్డం పెద్దమనిషి ఒకాయన చెంబుతో నీళ్ళు తెచ్చి పాప మొహం కడిగారు. దాని గౌను వాసన చూశారు. తర్వాత కారు తలుపు తీసి లోపలికి తలపెట్టి వాసన చూశారు.

"పాపకేం లేదమ్మా. బానెట్ తియ్యమనండి సార్‌ని" అన్నారు.

మావారు తీశారు. ఉస్తాద్ వేలు పెట్టి చూపించారు. నల్ల డబ్బా ఉండాల్సిన చోట ఖాళీ. దాని గొట్టాన్ని ఇనప తీగతో ఓ పక్కకి కట్టేసి ఉంచారు, మూతైనా పెట్టకుండా. కారు లోపలికి గాలి వెళ్ళే దారి సరిగ్గా దాని పక్కనే ఉంది.

"ఎవరు పీకారు సార్?"

"బండి మిస్ కొడుతోందని, ఆగాగి నడుస్తోందని మా మెకానిక్ తీసేశాడండీ."

"మిస్ ఎందుకు కొట్టిందో అడిగారా? పెట్రోలు ఎట్టా పోయిస్తారు మీరు?"

మావారు గర్వంగానే చెప్పారు. "మూత దాకా పోయిస్తానండీ. క్లిక్ మన్నాక కూడా, బండి ఊపి మరీ పోయిస్తా."

నిజమే. పెట్రోలు బంకులో మా ఆయన చేసే ఆ భాగోతం నేను ఎన్నిసార్లు చూశానో. ఈయన ఒక పక్క, బంకు కుర్రాడు ఇంకో పక్క నిలబడి కారుని ఉయ్యాల ఊపినట్టు ఊపేవారు. లోపలున్న గాలి పోయి ఇంకో గుక్కెడు పడుతుందని. మన ఊళ్ళో అదో తెలివి.

ఉస్తాద్ తీగతో కట్టిన ఆ గొట్టాన్ని పట్టుకుని చూపించారు. "బొగ్గు ఆవిరి పీల్చుద్ది సార్. మీరు దానికి పెట్రోలు తాగించారు. అది మునిగి చచ్చింది. చచ్చినదాన్ని పీకి పారేసి, ఆ గొట్టం తెచ్చి పాప మొహమ్మీద పెట్టారు."

నడిబజార్లో మావారిని అంత మాట అన్నందుకు నాకు కోపం రావాలి. రాలేదు. వీపు మీద దెబ్బ గుర్తొచ్చింది. కొత్త డబ్బా వేయించుకుని వచ్చే ఆదివారం పామర్రు వెళ్ళాం. పాప దారంతా కబుర్లు చెబుతూనే ఉంది, వాంతి మాటే లేదు.

అప్పటినుంచి ఏటా ఎండలు ముదరకముందు కారు ఆయన షెడ్డుకి తీసుకెళ్ళడం మాకు అలవాటైంది. పెద్ద పెద్ద మిషన్లేమీ లేవు ఆయన దగ్గర. ఒక గిన్నెలో కుంకుడుకాయ నురగ, గడ్డం గీసుకునే పాత బ్రష్షు, ఒక రబ్బరు గొట్టం. అతుకులన్నిటికీ నురగ పూసేవారు. కారు ఆవిరి గొట్టం ఒక చివర మూసి, రెండో చివరకి ఆ రబ్బరు గొట్టం తగిలించి, దాన్ని నోట్లో పెట్టుకుని నెమ్మదిగా ఊదేవారు. చీలిక ఎక్కడుంటే అక్కడ నురగలో బుడగ లేస్తుంది. బుడగలు చూసే పని మా పాపకి అప్పగించారు. అది కారు పక్కన గొంతుక్కూర్చుని, "ఇక్కడ లేదు తాతగారూ, ఇక్కడా లేదు" అని అరిచేది. ఆయన అంత సేపు ఎలా ఊదేవారో నాకు అర్థమయ్యేది కాదు.

"కంప్రెసర్ ఉందిగా, దాంతో పెట్టొచ్చుగా?" అని ఒకసారి అడిగాను.

"ట్యాంకు ఉబ్బి పోద్దమ్మా. పసిబిడ్డ కంట్లో నలక ఊదినట్టు ఊదాలి."

"చేతిపంపులు వచ్చాయట కదా?"

"వచ్చినయ్. ఎక్కడ గాలి తేలిగ్గా పోతందో పంపుకేం తెలుసమ్మా? నా బుగ్గకి తెలుసు."

ఊదడం అయ్యాక పక్కకి తిరిగి ఉమ్మి, నీళ్ళు పుక్కిలించేవారు. పాప నేనూ ఊదుతానంటే మాత్రం గొట్టం దాని చేతికిచ్చేవారు కాదు. "నా నోరు పాడైన నోరు తల్లీ, నీది కాదు" అనేవారు. ఆ మాట విన్నాను. విని నవ్వాను. ఒక పంపు కొని ఆయన చేతిలో పెట్టాలని మాకెవరికీ తోచలేదు. మా కారు బాగుంటే చాలు మాకు.

పొగ పరీక్ష కాగితం చూస్తే ఆయనకి ఒళ్ళు మండేది. "వెనక గొట్టంలో కడ్డీ పెట్టి కాగితం ఇచ్చేస్తారు. నడిచే కారు పొగ అందరికీ కనపడుద్ది. నిలబడ్డ కారు కక్కేది ఎవరు చూస్తారమ్మా?" అనేవారు. ఎవరూ చూడలేదు. పక్క షెడ్లవాళ్ళు ఆయనకి డబ్బా డాక్టర్ అని పేరు పెట్టారు. వాళ్ళు పీకి పారేసిన డబ్బాలు ఆయన గుమ్మం ముందు విసిరిపోయేవారు, "డాక్టరు గారూ, మీ పేషెంటు" అని ఇకిలించేవారు. ఆయన పోయిన మర్నాడు అదే షెడ్లవాళ్ళు ఫ్లెక్సీ కట్టారు. ఆయన ఫోటో చిన్నది, కట్టించినవాళ్ళ ఫోటోలు పెద్దవి. కింద మా మార్గదర్శి అని రాయించారు. సిగ్గు లేకపోతే సరి! ఆ ఫ్లెక్సీ కిందే ఒకడు ఎవరిదో కొత్త కారుకి డబ్బా పీకుతున్నాడు. నా కళ్ళతో చూశాను. అడిగితే, "కస్టమరే తియ్యమన్నాడు మేడం" అన్నాడు.

వాళ్ళని అనడానికి నాకు మాత్రం నోరెక్కడిది? అసలు సంగతి ఇప్పుడు చెబుతాను.

ఈసారి కూడా ఎండలకి ముందు కారు తీసుకెళ్ళాను. పాపకిప్పుడు పన్నెండేళ్ళు, అయినా బుడగలు చూస్తానని వెంట వచ్చింది. ఉస్తాద్ చిక్కిపోయారు. నురగ పూశారు, ఊదారు, ఆపారు. ముక్కాలి పీట మీద కూర్చున్నారు. మళ్ళీ ఊదారు. "ఒంట్లో బాగా లేదా?" అంటే "ఎండమ్మా" అన్నారు. ఇంకా ఎండలే రాలేదు. మూడోసారి ఊదాక పాప, "ఒక్క బుడగా రాలేదు తాతగారూ" అంది. ఆయన దాని తల నిమిరి, "కారు బాగుందమ్మా" అన్నారు.

రెండు వారాలకి పామర్రు వెళ్తుంటే ఉయ్యూరు దగ్గర పాప తల పట్టుకుంది. కార్లో గుప్పుమని పెట్రోలు వాసన. రోడ్డు పక్కన ఆపి దింపేలోపే వాంతి. ఎనిమిదేళ్ళ తర్వాత మళ్ళీ అదే. నాకు నెత్తిన నిప్పులు పోసినట్టయింది. అక్కడినుంచే షెడ్డుకి ఫోన్ చేశాను.

"ఏం చూశారండీ మీరు? కళ్ళు మూసుకుని చూశారా? మిమ్మల్ని నమ్మి పిల్లని ఎక్కించుకుని తిరుగుతున్నాను. చేతకాకపోతే మానెయ్యండి!"

అవతలినుంచి ఊపిరి వినిపించింది. ఫోన్ లైను గరగర అనుకున్నాను.

"తప్పయిపోయిందమ్మా" అన్నారు చివరికి. "పాప ఎట్టా ఉంది?"

"పాప సంగతి మీకెందుకండీ" అని పెట్టేశాను.

నేను ఆయనతో మాట్లాడిన ఆఖరి మాట అది. ఎన్నిసార్లు తుడిచేద్దామన్నా పోదు.

ఆయన పోయాక వాళ్ళింటికి వెళ్తే ఆయన భార్య నన్ను చాప మీద కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. ఆమెకి నేనెవరో తెలీదు. ఏడాదినుంచీ మెట్లెక్కితే ఆయనకి ఆయాసమట. ఊపిరితిత్తులు పనికిరావన్నారట. "బీడీలు తాగుతాడా అని అడిగారమ్మా డాక్టర్లు. జన్మలో ముట్టలేదాయన. షెడ్లో ఎవరికీ చెప్పొద్దన్నారు, చెబితే పని రాదని" అంది. పెట్రోలు ఆవిరి వల్లేనని ఏ డాక్టరూ చెప్పలేదు. రుజువు లేనిది నేనూ చెప్పకూడదు. కానీ ఇన్నేళ్ళూ ఆ గొట్టాల్లో ఊదిన మనిషి, ఊపిరి చాలడం లేదని ఒక్క మాట చెబితే ఆయన సొమ్మేం పోయింది? ఇంకొకళ్ళం ఊదేవాళ్ళం కదా! ఇప్పటికీ ఆ ఒక్కటి తల్చుకుంటే ఆయన మీద కోపం వస్తుంది.

ఆమె ఇంకో మాట కూడా అంది. "ఎవరో టీచరమ్మ కారు తప్పు చూశారంటమ్మా. ఆ పాపకి ఎట్టా ఉందో అని రెండ్రోజులు అన్నం సరిగా తినలేదు." నేనే ఆ టీచరమ్మనని చెప్పలేకపోయాను. నీళ్ళు తాగి వచ్చేశాను.

కారు వేరే సర్వీసింగ్ సెంటర్లో ఇచ్చాను. వాళ్ళ దగ్గర పంపుంది. కారు పైకెత్తి చూసిన మెకానిక్ నన్ను పిలిచాడు. వెనక చక్రం దగ్గర, ట్యాంకు నుంచి వచ్చే గొట్టం అతుకు దగ్గర సన్నగా చీలింది. దాని చుట్టూ ఎండి, దుమ్ము పట్టిన మచ్చ.

"ఇక్కడ ఎవరో ముందే ఏదో పూసి చూశారండీ. సరిగ్గా లీకున్న చోటే పూశారు. మరి ఎట్టా తప్పిపోయిందో?"

అది ఎండిన కుంకుడు నురగ. కొత్త గొట్టం వేయించి, పాతది ఇంటికి తెచ్చుకున్నాను. చివర్లు కడిగి, ఆ మచ్చ మాత్రం కడగకుండా కిటికీలో పెట్టాను. నిన్న సాయంత్రం పాప దాన్ని చేతిలోకి తీసుకుంది. ఇవన్నీ దానికి చెప్పాను, ఫోన్లో నేనన్న మాటలతో సహా. అది ఒక చివర బొటనవేలితో మూసి, రెండో చివర నోట్లో పెట్టుకుని, ఆయన ఊదినట్టే నెమ్మదిగా ఊదింది. చీలిక దగ్గర పెట్టిన నా అరచేతికి గాలి తగిలింది.