వల గౌను

మా రేవులో ఒక తాత ఉండేవాడు. సముద్రం మీదికి వెళ్లడం మానేసి ఏళ్లయినా, చేతిలో వల అల్లే చెక్క సూది మాత్రం ఎప్పుడూ ఉండేది.

టెక్కలి కాలేజీలో పాత వస్తువులతో దుస్తులు కుట్టే పోటీ పెట్టారు. మా అమ్మాయి ఆయన్ని బాగా చిరిగిన వల ఒకటి అడిగింది. పోటీకి ముందురోజు ఇద్దరం వెళ్లి చూస్తే, అందులో ఒక్క చిరుగూ లేదు. ఆయన కొత్తగా అల్లిన వల కన్నులూ, పాతవీ ఒకే కొలత. వేలు దూర్చి చూసినా నాకు తేడా దొరకలేదు.

"చిరుగులే కావాలన్నాను కదా తాతా," అంది అమ్మాయి ఏడుపు గొంతుతో.

"సిరిగింది సేతికెలాగిత్తాను తల్లీ? సేపలు జారిపోవా?"

"చేపలకి కాదు, గౌనుకి."

"మరీ బాగుంది. సిరిగిన గౌనేసుకుని అంతమందిలోకి ఎల్తావేటి?"

అమ్మాయి కత్తెర తీసి అక్కడే కోయడం మొదలుపెట్టింది.

"నీ ఇట్టం, కోసుకో," అన్నాడాయన.

కాసేపటికి చూస్తే, ఆమె కోసుకుంటూ ముందుకు పోతోంది. ఆయన తెగినవి కట్టుకుంటూ వెనకే వస్తున్నాడు.

"వదిలెయ్ తాతా."

"వదిలేసినాను కదా తల్లీ," అన్నాడు ముడి బిగిస్తూ.

ఇద్దరిలో ఎవరి చెయ్యి పట్టుకుని ఆపాలో నాకు తోచలేదు.