మోటారు ఆగిందా అని అడిగే అన్న

ఆ ఉదయం గూళూరు దగ్గర మా పొలంలో, మోటారు గది ముందు ఉన్నవాళ్లు ముగ్గురు: అన్న, వదిన, నేను. ఉన్నవి: స్టార్టర్ పెట్టె, దానికి కొత్తగా బిగించిన సిమ్ కార్డు పరికరం, అన్న ఫోను, దారికి వదిన సర్దిన మజ్జిగ సీసా. మోటారు ఆగి ఉంది. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

“ఆఫ్ అయిండాదా?” అన్నాడు అన్న.

అయిందని వదిన చెప్పింది. నేనూ చెప్పాను.

బోరులో నీళ్లు అడుగంటినప్పుడు మోటారు ఉత్తినే తిరిగితే కాలిపోతుంది. ఆపామో లేదో చూసుకోవడం రైతు పనే. అన్న ఒకసారి చూసి ఇంటికి వచ్చేవాడు, బండి తిప్పుకుని మళ్లీ పోయేవాడు, పెట్టె మీద చెయ్యి పెట్టి చూసి, సగం దారిలోంచి ఇంకోసారి వెనక్కి మళ్లేవాడు. ఊళ్లో దాన్ని జాగ్రత్త అన్నారు. పరికరం పెడితే ఈ తిరుగుడు తప్పుతుందని ఇంట్లో అందరం అనుకున్నాం. దాని నంబరుకు ఫోన్ చేస్తే మోటారు ఆగి ఉందో లేదో ఒక ఆడగొంతు కన్నడలో చెబుతుంది. తిరుగుడు తప్పింది. అన్నం ముందు కూర్చుని కూడా పది నిమిషాలకోసారి ఫోన్ చేయడం మొదలైంది. ఆ గొంతు చెప్పింది నిజమేనా అని మమ్మల్ని అడగడం కొత్తగా చేరింది. డాక్టరుకు చూపించుకోకపోతే పాపను తీసుకుని చింతామణికి, పుట్టింటికి పోతానని వదిన చెప్పింది. గొంతు పెంచకుండా చెప్పింది కాబట్టి అన్న బయలుదేరాడు.

బాగేపల్లిలో చిక్కబళ్లాపురం బస్సెక్కాం. నేను అన్న పక్కన కూర్చున్నాను. బెంగళూరులో నా ఉద్యోగం కణాల్లో గ్లుటమేట్ ట్రాన్స్‌పోర్టర్ల పనిని కొలవడం. అదేమిటో అన్నకు మొదటిసారి వివరంగా చెప్పాను. మెదడులో ఒక కణం పక్క కణాన్ని కదిలించడానికి గ్లుటమేట్ అనే పదార్థాన్ని వదులుతుంది. పని అయ్యాక దాన్ని మధ్య సందులోంచి తీసేసే ప్రోటీన్లే ట్రాన్స్‌పోర్టర్లు. అవి నెమ్మదిస్తే, అందాల్సిన కబురు అందాక కూడా ఆగదు. స్కిజోఫ్రీనియాలో, కుంగుబాటులో, అన్నలా పదే పదే సరిచూసుకునే జబ్బులో వీటి పాత్ర ఎంత అని పరిశోధనలు జరుగుతున్నాయి. ఈ జబ్బు విషయంలో ఒక ట్రాన్స్‌పోర్టర్ జన్యువు మీద అనుమానం ఉంది, రుజువు ఇంకా గట్టిగా లేదు. రెండు సంగతులూ చెప్పాను. అన్న మొదటిదే పట్టుకున్నాడు.

“అయితే నాకు పిచ్చి గాదు గదప్పా.”

“కాదన్నా. జబ్బు.”

“లోపల కసువు ఊడ్చేవాళ్లు పనికి రాలేదు, అంతే గదా?”

పోలిక బాగుందన్నాను. అన్న వెనక్కి ఆనుకుని కూర్చున్నాడు. సగం దారిలో పేరేసంద్ర దాటేవరకు ఫోన్ తీయలేదు.

చిక్కబళ్లాపురంలో డాక్టరమ్మ మా వైపు తెలుగే మాట్లాడింది. ఆమె అడిగేలోపే అన్న అందుకున్నాడు. తన ట్రాన్స్‌పోర్టర్లు సరిగా లేవని తమ్ముడు తేల్చాడని, మందిస్తే చాలని అన్నాడు. ఆమె నా వైపు ఒకసారి చూసింది. అన్న తలలో అవి ఎట్లా ఉన్నాయో చెప్పే పరీక్ష ఏదీ తన దగ్గర లేదని, తానిచ్చే మాత్ర ముఖ్యంగా సెరటోనిన్ అనే వేరే పదార్థం మీద పనిచేస్తుందని, గుణం కనపడటానికి వారాలు పడుతుందని చెప్పింది. మాత్రతో పాటు ఒక అభ్యాసం ఉంది. మోటారు ఆపాక ఒక్కసారే చూడాలి. ఆ తర్వాత ఫోన్ చేయకూడదు. భయం దానంతట అదే తగ్గేదాకా కూర్చోవాలి.

“అది ప్రోటీన్ల పని గదా మేడమ్. నేనేం చేసేది?” అన్నాడు అన్న.

బస్సులో నేను చెప్పింది అతని సిగ్గును తీసేసింది, దాంతోపాటు అతని వంతు పనిని కూడా తీసేసింది. అది సరిచేయడం కష్టం కాదు.

“అన్నా, ఆ ప్రోటీన్లు ఉండేది నీ మెదడులోనే. నువ్వు ఆగడం నేర్చుకుంటే మారేది కూడా ఆ మెదడే.”

డాక్టరమ్మ తలూపి, ఇంట్లోవాళ్ల పని అంతకంటే కష్టమంది. అతను అడిగినప్పుడు మేము జవాబు చెప్పకూడదు. మేమిచ్చే ప్రతి జవాబూ ఇంకో ప్రశ్నను తెస్తోందట.

“ఆయప్ప అడిగితే పలక్కుండా ఎట్లుండేది మేడమ్? అత్త ఏమనుకుంటాది?” అంది వదిన.

తాను చెప్పానని మా అమ్మకు చెప్పమంది డాక్టరమ్మ. కానీ ముందు అతను ఒప్పుకోవాలంది. అన్న కుర్చీని మా వైపు తిప్పుకున్నాడు.

“నేను అడిగినా చెప్పొద్దండి,” అన్నాడు. “అరిచినా చెప్పొద్దండి.”

ఆ సాయంత్రం చేనికి నీళ్లు పెట్టి, పొలాలకిచ్చే త్రీఫేస్ కరెంటు పోయే ముందే అన్న మోటారు ఆపాడు. ఒకసారి చూశాడు. పక్కనే ఉన్న నేను టైము చూసుకున్నాను. ఇంటికొచ్చి వాకిట్లో కూర్చుని, మోటారు ఆగిందా అని వదినను అడిగాడు. వదిన అనపకాయలు ఒలుస్తూనే ఉంది. నన్ను అడిగాడు. నేను గుమ్మంలోంచి లోపలి గోడ గడియారం వైపు చూశాను.

“ఇద్దరికీ నోరు పడిపోయిండాదా?”

వదిన చేతులు ఆగాయి, మళ్లీ కదిలాయి. అన్న ఫోన్‌ను బోర్లించి మోకాలి మీద పెట్టుకున్నాడు. లేచాడు, కూర్చున్నాడు. చివరికి ఫోన్ చేశాడు. కన్నడ గొంతు చెప్పాల్సింది చెప్పింది. మమ్మల్ని మాత్రం ఇంకేమీ అడగలేదు.

వదిన లోపలికి వెళ్లి చింతామణికి ఫోన్ చేసి, ఇప్పట్లో రావడం లేదని చెప్పింది.

మోటారు ఆపినప్పటి నుంచి అన్న ఫోన్ చేసేదాకా నలభై ఒక్క నిమిషాలు.