ఫిల్టర్ లేని గోలెంల రాణి

నిన్న ఖమ్మంల మా పాప కోసం చిన్న అక్వేరియం కొన్న. ఫిల్టర్ దగ్గరకొచ్చేసరికి ఆగమైన. పెద్దది పెడితే నీళ్ల ధాటికి చేపలు కొట్టుకపోతయట, చిన్నది పెడితే నీళ్లు మురుగుతయట.

"తొట్టి నలభై లీటర్లే గద మేడం, గంటకు రెండొందల లీటర్లు తిప్పేది చాలు" అన్నడు షాపాయన.

జూలూరుపాడుల మా వాకిట్ల నీళ్లు పట్టుకునే సిమెంటు గోలెం యాదికొచ్చింది. మీ ఇండ్లల్ల గూడ ఉండేది గదా, లోపలంత పాచి పట్టి, చెయ్యి పెడితే సల్లగ? అండ్ల నా చేప ఉండేది, పేరు రాణి. మరమరాలు ఏస్తే పైకొచ్చేది. ఏ ఫిల్టరూ లేకుండ అన్నేండ్లు ఎట్ల బతికింది?

అక్కకు ఫోన్ చేసి అడిగిన.

"యాడ బతికిందే! చచ్చినప్పుడల్లా, నువ్వు బడి నుంచి వచ్చేలోపు నాయిన వాగుకు పోయి అసొంటిదే ఇంకోటి పట్టుకొచ్చేటోడు. నువ్వు ఏడుస్తవని, నీకు చెప్పొద్దని నాతోటి ఒట్టు పెట్టించుకున్నడు."

షాపాయన చెప్పిన ఫిల్టరే కొని ఇంటికొచ్చిన గానీ, మనసు మనసుల లేదు. ఇన్నేండ్లు నేను యాది చేసుకున్నది ఏ చేపను? ఉండబట్టక నాయిననే అడిగిన.

"గా అక్క మాటలు ఇనకు బిడ్డా" అన్నడు. "ఒక్కటే చేప. నాకు తెల్వదా?"