పన్ను పోయాక వేలంపాట

హంసలదీవి దగ్గర మా రేవులో చేపల వేలం వేసేది నేనే. పడవలు రాగానే ఇసుకలో కుప్పలు పోస్తారు, కొనేవాళ్ళు చుట్టూ నిలబడతారు, నేను ధర అరుస్తాను. గాలి ఎంత హోరెత్తినా వెనకవాళ్ళకు కూడా వినబడాలి. ఆ గొంతు చూసుకునే నాకంత పొగరు. మా ఆవిడ ఎప్పుడైనా "ఓరోజు నేను వేస్తా మావా" అంటే, "ఆడగొంతు ఈ గాలికి ఆగుద్దా?" అని నలుగురిలో నవ్వేవాణ్ణి.

ఈ వానాకాలం దవడపన్ను పుచ్చి ముఖం వాచిపోయింది. లవంగనూనెతో కొన్నాళ్ళు నెట్టుకొచ్చి, ఇక లాభం లేక కోడూరులో బస్సెక్కి ఇద్దరం బందరు వెళ్ళాం. నొప్పి తెలియదని డాక్టరమ్మ చెబుతూనే ఉంది. అయినా సూది చూడగానే కేక పెట్టాను. బయట కూర్చున్నవాళ్ళంతా ఉలిక్కిపడ్డారట. రేవంతా వినబడే గొంతు అక్కడ అలా పనికొచ్చింది.

పన్ను తీసి, కుట్లు వేసి, దూది కొరికి పట్టుకోమంది. "ఉమ్మకండి. వేడివి తాగకండి. మానేదాకా గట్టిగా అరవకండి" అంది.

"ఆయన పనే అరవడమండీ" అంది మా ఆవిడ.

నా పన్ను కోసం పడవలు ఆగవు కదా. మర్నాడు చెంపకు తుండు కట్టుకుని కుప్ప పక్కన మూగవాడిలా నిలబడ్డాను. మా ఆవిడ కొంగు బొడ్లో దోపి వేలం మొదలెట్టింది. చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది, గాలి ఇంకాస్త గట్టిగా వీస్తే బావుండునని కోరుకున్నాను. అందరికీ వినబడింది. అరవడమే కాదు, "ఏం అన్నయ్యా, చందువా చేపని ఎప్పుడూ చూళ్ళేదా? చూస్తా నిలబడతావా, పాడతావా?" అని ఒక్కొక్కరినీ కదిలించి నాకంటే మంచి ధర తెచ్చింది.

"బావా, నీ పన్ను నిదానంగానే మాననీ!" అన్నాడొకడు. అందరూ నవ్వారు. నేనూ తుండు మాటున నవ్వాను గానీ, లోపల మండిపోయింది.

వాపు తగ్గింది. కుట్లూ తీసేశారు. ఇక అరవొచ్చని డాక్టరమ్మ కూడా అంది. అయినా తుండు విప్పలేదు. నేను వేశాక ఎవరైనా "వదినే నయం" అంటే? ఆ మాట పడలేక, నొప్పి ఇంకా ఉందని ఇంట్లో అబద్ధమాడాను.

ఓ పొద్దున గంజి ఇస్తూ మా ఆవిడ నా చెంప వంక చూసింది. "ఇంకా నొప్పేనా మావా?"

"ఊఁ" అన్నాను.

ఆ రోజు రేవులో మొదటి కుప్పకు ఒక్క కేక వేసి, గొంతు పట్టుకుని దగ్గింది. "గొంతు పట్టేసింది, ఇంక నావల్ల కాదు. నువ్వే వెయ్యి మావా" అంది, బొంగురుగా. అందరూ నా వంక చూశారు. తుండు విప్పి తనకిచ్చి వేలం అందుకున్నాను. గొంతు బాగానే పలికింది. ఎవరూ ఏమీ అనలేదు.

బండి మీద తిరిగొస్తుంటే వెనక కూర్చున్న తనకు వాళ్ళ చెల్లెలు ఫోన్ చేసింది.

"ఆఁ! ఇయ్యాళ్టి నుంచి మళ్ళీ మీ బావే వేస్తున్నాడు! వినబడుతుందా?" అంటూ ఆ గాలిలో అరిచి చెప్పింది. గొంతులో ఎక్కడా జీర లేదు.

వెనక్కి తిరిగి చూడలేకపోయాను. తుండు తన ఒళ్ళో ఉండిపోయింది గానీ, నా దగ్గరుంటే ఈసారి ముఖమంతా కప్పుకునేవాణ్ణి.